పాత ఇంటి పడమటి గోడ: రాత్రి వేడిని తగ్గించుకోవడం ఎలా

ఏప్రిల్ నెలాఖరులో ఒక రాత్రి పదింటికి మీ పడకగది పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. బయట అరుగు మీద కూర్చున్నవాళ్లకు గాలి కాస్త చల్లబడినట్టే ఉంటుంది. గదిలో మాత్రం గోడ, పొయ్యి మీంచి దించి కాసేపైన గిన్నెలా, ఇంకా వెచ్చగా ఉంటుంది. ఫ్యాను ఆ వెచ్చదనాన్నే గదంతా పంచుతుంది. ఏసీ ఉంటే అది అర్ధరాత్రి దాకా ఆగకుండా ఆ గోడతోనే పోట్లాడుతుంది.

మాది నరసరావుపేట. వేసవిలో రెంటచింతల పేరు వార్తల్లో విన్నవాళ్లకు పల్నాడు ఎండల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇల్లు నాన్న 1983లో కట్టించింది. కింద 9 అంగుళాల ఇటుక గోడలు. తర్వాత మేడ మీద వేసుకున్న గదికి నాలుగున్నర అంగుళాల గోడలే. ఈ గోడల మీద నేను చేయించిన పనుల్లో కొన్ని బాగా పనిచేశాయి, ఒకటి పూర్తిగా పాడైంది. పాడైనదాని నుంచే ఎక్కువ నేర్చుకున్నాను. ఇల్లు కూలగొట్టకుండా, ఉన్న గోడలకే ఏం చేయొచ్చో, ఏది ముందు చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇటుక గోడ వేడిని వెంటనే లోపలికి పంపదు, మింగి దాచుకుంటుంది. 9 అంగుళాల గోడలో వేడి బయటి ముఖం నుంచి లోపలి ముఖానికి చేరడానికి సుమారు 6 నుంచి 8 గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు తగిలిన ఎండ మీకు రాత్రి పదింటికి, పదకొండింటికి తెలుస్తుంది. అందుకే లోపలి వైపు ఏం అతికించినా సగం పనే. ఎండను ఇటుకలోకి దిగకముందే, బయటే ఆపాలి. కింద చెప్పే క్రమమంతా ఆ మాట మీదే నడుస్తుంది.

1. ఏ గోడ మీద ఖర్చు పెట్టాలో తేల్చుకోండి

ఇంటి చుట్టూ అన్ని గోడలకూ చేయించాలనుకోకండి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో నిలువు కర్రకు నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడకు నేరుగా తగిలే ఎండ దాదాపు లేనట్టే. తూర్పు గోడకు ఎండ పడమటి గోడకు పడినంతే పడుతుంది, కానీ ఉదయం గాలి చల్లగా ఉన్నప్పుడు పడుతుంది. పడమటి గోడకు గాలి బాగా వేడెక్కి ఉన్న వేళ పడుతుంది, ఆ వేడి మీరు నిద్రపోయే వేళకు లోపలికి వస్తుంది. కాబట్టి మొదటి వంతు పడమటి గోడదే.

అయితే ఒంటి అంతస్తు ఇల్లయినా, మేడ మీది గదైనా పడమటి గోడకంటే ముందు స్లాబు సంగతి చూడండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడేది దాని మీదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది కూడా అందుకే. స్లాబు సంగతి చూడకుండా గోడకు డబ్బు పోస్తే తేడా తెలియక నిరాశ పడతారు.

గోడ ఎంత మందమో కిటికీ దగ్గర కొలవండి. పూతతో కలిపి 10 అంగుళాలుంటే 9 అంగుళాల ఇటుక గోడ. ఐదున్నర, ఆరు ఉంటే నాలుగున్నర అంగుళాల గోడ. దీనికి దాచుకునే శక్తి తక్కువ, సాయంత్రం నుంచే లోపలికి కక్కుతుంది. ఇంట్లో రెండు రకాలూ ఉంటే పల్చటి గోడకే ముందు చేయించండి. అడుగున్నర, రెండడుగుల మట్టి గోడో, రాతి గోడో అయితే దాని సంగతి వేరు, చివర్లో చెబుతాను.

తర్వాత మూడు రాత్రులు గోడను గమనించండి. సాయంత్రం 6, రాత్రి 8, 10, 12 గంటలకు చేత్తో తాకి రాసుకున్నా చాలు. ఉష్ణోగ్రత చూసే గన్ను దొరికితే ఇంకా మంచిది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టి చూసిన గన్ను తీసుకోకండి, వాటిలో చాలావరకు ఒంటి వేడి పరిధికే కుదిర్చినవి. ఎలక్ట్రికల్ పనివాళ్లు, ఏసీ మెకానిక్‌లు వాడే రకం కావాలి. ఈ అంకెలు ఒక పుస్తకంలో ఉంచుకోండి, పని అయ్యాక పోల్చుకోవడానికి ఇవి తప్ప వేరే ఆధారం ఉండదు.

2. చెమ్మ ఉంటే అక్కడే ఆగండి

నేను చెడగొట్టుకున్నది ఇక్కడే. కింది గదిలో పడమటి గోడ అడుగున రంగు పొక్కులు లేచి ఉండేది. వేడి తగ్గుతుందని చెప్పిన పనివాడి మాట విని లోపలి వైపు థర్మాకోల్ షీట్లు అంటించి, మీద ప్లైవుడ్ కొట్టించాను. మొదటి వేసవి కొంచెం తేడా తెలిసింది. రెండో వానాకాలానికి గదిలో ముక్కిన వాసన మొదలైంది. ప్లైవుడ్ విప్పితే వెనక గోడంతా నల్లటి బూజు, అడుగున చెదలు. గోడలో ఉన్న నీరు ఆరే దారి నేనే మూసేశాను. పెట్టిన డబ్బంతా చెత్తబండిలో పోయింది, గోడ ఆరడానికి ఒక పూర్తి ఎండాకాలం పట్టింది.

చెమ్మ ఉందో లేదో చూడడానికి తేలికైన పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు గోడ లోపలి వైపు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. రెండు రోజులు వదిలేయండి. కవరు వెనక, గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడలో నీరుంది. గది వైపు మాత్రమే తడి ఉంటే అది గది గాలిలోని తేమ. తెల్లటి ఉప్పు పొడి రాలడం, పూత చేత్తో గీకితే ఇసుకలా ఊడిరావడం కూడా గోడ నీరు తాగుతోందనడానికి గుర్తులే.

ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. గోడలో పోయే పాత పైపు, సన్‌షేడ్ గోడను కలిసేచోట సందు, పిట్టగోడ మీద పగులు, స్నానాలగది అవతలి వైపు. వీటిలో ఏదీ కాకపోతే నేల నుంచి పైకి పాకే చెమ్మ. దీనికి తరచూ కారణం రోడ్డు ఎత్తవడం. పాత ఇళ్ల చుట్టూ నేల ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి పునాది మట్టాన్ని మింగేస్తుంది. గోడ పక్కన మట్టి తవ్వి తగ్గించండి, నీళ్లు ఇంటికి దూరంగా పారేలా వాలు చేయించండి. పాడైన పూతను చెమ్మ గీతకు అడుగు ఎత్తు దాకా చెక్కించి, ఇటుకను బయటపెట్టి ఆరనివ్వండి. ఓపిక పట్టాల్సిందే. చెమ్మ ఆరని గోడకు ఏ షీటూ అంటించకండి, వాటర్‌ప్రూఫ్ రంగు కూడా వేయకండి.

3. మొదటి ఖర్చు నీడ మీద పెట్టండి

ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, అనగానే షీట్ల ధరలు కనుక్కోవడం మొదలుపెడతాం. దానికంటే చాలా చవకగా, ఈ వేసవిలోనే ఫలితమిచ్చేది నీడ.

పడమటి గోడకు సన్‌షేడ్ నీడ సరిపోదు. మే చివర్లో సాయంత్రం నాలుగింటికి మన దగ్గర సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు రెండడుగుల సన్‌షేడ్ నీడ గోడ మీద ఒకటిన్నర అడుగు కిందికే పడుతుంది. ఐదింటికి ఇంకా తగ్గిపోతుంది. పడమటి గోడకు కావలసింది తలమీద గొడుగు కాదు, ఎదురుగా నిలబడే తెర.

ఆ తెరను గోడకు ఆనించి కట్టడం చాలామంది చేసే తప్పు. అడుగు, అడుగున్నర ఎడం ఉండాలి, పైనా కిందా తెరిచి ఉండాలి. తెర వేడెక్కితే ఆ సందులో గాలి కూడా వేడెక్కి పైకి లేచిపోతుంది, కింద నుంచి వేరే గాలి వస్తుంది. ఆనించి కడితే తెర వేడి గోడకే చేరుతుంది.

నర్సరీలకు వాడే షేడ్ నెట్‌లో 75 శాతం ఎండను ఆపే రకం బాగుంటుంది. ఇనుప పైపుతో చట్రం చేయించి, నెట్‌ను తాళ్లతో కట్టండి, విప్పి మళ్లీ కట్టుకునేలా. మేలో వచ్చే గాలివాన నెట్‌ను తెరచాపలా పట్టుకుంటుంది. గట్టిగా బిగించేస్తే చట్రంతో సహా లాగేస్తుంది. తాటాకు దొరికే ఊళ్లలో తడికెలు ఇంకా మేలు, ఏటా మార్చుకోవాలి గానీ వేడిని బాగా అడ్డుకుంటాయి. వంటగది పొగగొట్టం దగ్గర, కరెంటు మీటరు దగ్గర మాత్రం తాటాకు పెట్టకండి.

నాకు అన్నింటికంటే ఇష్టమైంది పాదు. ఫిబ్రవరిలో బీర, కాకర విత్తనం పెడితే ఏప్రిల్‌కి పందిరి అల్లుకుంటుంది. నీళ్లు రోజూ పోయాలి. ఏళ్ల తరబడి ఉండాలంటే రాధామనోహరం వేయండి, సాయంత్రం వాసన కూడా బాగుంటుంది. ఆకు ఎండను తీసుకుని నీటిని ఆవిరి చేస్తుంది కాబట్టి ఇనుప రేకులా వేడెక్కదు. తీగను గోడమీదికి నేరుగా పాకనివ్వకుండా చట్రం మీదే పాకించండి. పగుళ్లలో రావి మొలక కనిపిస్తే ఆ రోజే వేళ్లతో సహా తీసేయండి.

ఆ గోడకు కిటికీ ఉంటే తెర దాన్ని కూడా కప్పాలి. గోడ మింగి ఆలస్యంగా ఇచ్చే వేడిని గాజు అప్పటికప్పుడే లోపలికి వదిలేస్తుంది. లోపలి పరదా కంటే బయటి తడికె చాలా మేలు.

4. గోడను తెల్లగా చేయండి

ముదురు రంగు గోడ ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చేస్తుంది. శుభ్రమైన తెలుపు 70 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. పడమటి గోడకు ఇటుక ఎరుపో, చాక్లెట్ రంగో ఉంటే మార్చేయండి. 'హీట్ ప్రూఫ్' అని డబ్బా మీద రాసిన రంగుల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. వాటి మేలంతా తెలుపులో, ఎండను వెనక్కి కొట్టే గుణంలో ఉంది. కాగితమంత పల్చటి పొర వేడిని అడ్డుకునే గోడ కాలేదు. దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగితే ఆ మేలూ తగ్గుతుంది. ఏటా వేసవి ముందు నీళ్లతో కడగాలి.

మా వైపు పిడుగురాళ్ల సున్నం చేతికందేదే. నీళ్లు పోసి ఉడికి చల్లారిన సున్నాన్ని నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, పల్చటి మజ్జిగలా చేసుకోండి. తుమ్మజిగురును వేడినీళ్లలో కరిగించి కొంచెం కలిపితే చేతికి అంటకుండా ఉంటుంది. గోడను ముందుగా తడిపి, ఒకటి ఆరాక ఒకటి చొప్పున మూడు పల్చటి పూతలు వేయండి. ఒకే మందపు పూత వేస్తే పెచ్చులుగా లేస్తుంది. కాల్చిన సున్నపురాళ్లు తెచ్చుకుంటే పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నీళ్లు పడగానే అది కుతకుత ఉడుకుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఇంకో మాట: గోడకు ఇప్పటికే ఆక్రిలిక్ ఎమల్షన్ రంగు ఉంటే సున్నం దాని మీద నిలవదు. అలాంటి గోడకు తెల్లటి ఎక్స్‌టీరియర్ రంగే వేయించండి.

నీడా తెలుపూ రెండూ అయ్యాక ఒక వేసవి చూడండి. 9 అంగుళాల గోడ ఉన్న చాలా ఇళ్లకు ఇంతటితో సరిపోతుంది. మా కింది గదికి నేను ఇక్కడే ఆగిపోయాను.

5. బయటి వైపు ఇన్సులేషన్

మేడ మీది నాలుగున్నర అంగుళాల గోడకు మాత్రం ఇది తప్పలేదు. రోజంతా ఏసీ నడిపే గదికి, తెర కట్టడానికి చోటులేని గోడకు కూడా ఇదే దారి.

ఏ వస్తువు ఎంత అడ్డుకుంటుందో ఇటుకతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే థర్మాకోల్ లాంటిదే గానీ ఇంకా గట్టి నురుగు పలక, వేడిని ఆపడంలో మూడున్నర అడుగులకు పైగా మందమున్న ఇటుక గోడకు సమానం. రెండంగుళాల థర్మాకోల్, అంటే ఈపీఎస్, దాదాపు మూడడుగుల ఇటుకకు సమానం. 4 అంగుళాల ఏఏసీ దిమ్మె, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మె, సుమారు 16 అంగుళాల ఇటుకతో సరి.

ఒక లెక్క చూడండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు పడమటి గోడ, 9 అంగుళాల ఇటుక. బయటి ముఖం 55 డిగ్రీలు, గది 32 డిగ్రీలు నిలకడగా ఉన్నాయనుకుందాం. అప్పుడు గోడలోంచి లోపలికి వచ్చే వేడి దాదాపు 600 వాట్లు. గదిలో ఇస్త్రీపెట్టె పెట్టి వదిలేసినట్టు. అదే గోడకు బయట రెండంగుళాల ఎక్స్‌పీఎస్ వేస్తే 125 వాట్ల దగ్గరికి దిగుతుంది. గోడ వేడిని దాచుకుంటుంది కాబట్టి నిజంలో అంకె గంటగంటకూ మారుతుంది, కానీ రెంటి మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు ఇంతే ఉంటుంది.

పనికి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. వానల్లో గోడ ఆరదు. ఎండల్లో పూత తొందరగా ఎండి పగులుతుంది.

షీట్లు కొనేటప్పుడు ఇంట్లో వంటకు వాడే తూకం యంత్రం పట్టుకెళ్లండి. ప్యాకింగ్ థర్మాకోల్ అంటగట్టడం మామూలే. గోడకు పనికొచ్చే ఈపీఎస్ ఘనమీటరుకు కనీసం 15 నుంచి 20 కిలోలుండాలి, ఎక్స్‌పీఎస్ 30 కిలోలకు పైన. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, రెండంగుళాల మందం ఉన్న ఎక్స్‌పీఎస్ షీటు సుమారు కిలోకి పైన తూగాలి. అదే కొలతల ఈపీఎస్ షీటు 600 నుంచి 700 గ్రాములు. అంతకంటే బాగా తేలిగ్గా ఉంటే వదిలేయండి.

ముందు గోడంతా చెక్క సుత్తితో తట్టుకుంటూ పోండి. డొల్లగా మోగినచోట పాత పూత చెక్కించి మళ్లీ వేయించండి. రంగు పెచ్చులు గీకించి, గోడ కడిగించి, ఆరనివ్వండి. షీటు అంటుకునేది పాత పూతకే, ఆ పూత ఊడితే మొత్తం ఊడుతుంది.

షీట్లు కింద నుంచి పైకి పెట్టాలి. నేలకు అడుగు ఎత్తున అల్యూమినియం పట్టీ మట్టంగా బిగించి దాని మీద మొదటి వరస కూర్చోబెట్టండి. నేలదాకా దించితే వాన చినుకులు చిమ్మి తడుస్తుంది, చెదలకు కనిపించని దారి దొరుకుతుంది. ఎక్స్‌పీఎస్ ముఖం నున్నగా ఉంటుంది, అంటించే ముందు గరుకు కాగితంతో రుద్దాలి. పాలిమర్ కలిపిన సిమెంట్ అంటింపును షీటు నాలుగు అంచుల వెంట పట్టీలా, మధ్యలో మూడు ముద్దలుగా పెట్టించండి. పనివాళ్లు అంచులు వదిలేసి ముద్దలే పెడతారు, తొందరగా అవుతుంది కాబట్టి. అలా చేస్తే షీటు వెనక గాలి తిరుగుతుంది, పెట్టిన ఖర్చులో కొంత ఊరికే పోతుంది. ఈ ఒక్క పని జరుగుతున్నంతసేపూ అక్కడే నిలబడి చూసుకోండి.

ఇటుకలు పేర్చినట్టే కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాకుండా పెట్టాలి. కిటికీ మూల దగ్గర రెండు షీట్ల అతుకు ఎప్పుడూ రాకూడదు. ఒకే షీటును ఎల్ ఆకారంలో కోసి మూల చుట్టూ తిప్పాలి. లేకపోతే మొదటి ఏడే ఆ మూల నుంచి ఐమూలగా పగులు పాకుతుంది.

రెండు రోజులు ఆరాక గొడుగులా వెడల్పు తల ఉన్న ప్లాస్టిక్ యాంకర్లు కొట్టాలి. చదరపు మీటరుకు ఐదారు. షీటు, పాత పూత దాటి ఇటుకలోకి రెండంగుళాలు దిగాలి, అంటే రెండంగుళాల షీటుకు నాలుగున్నర, ఐదంగుళాల పొడవు తీసుకోండి. నాలుగున్నర అంగుళాల గోడలో డ్రిల్లు అవతలికి పొడుచుకుపోకుండా లోతు గుర్తు పెట్టుకోమనండి.

ఆ పైన పూత. పాలిమర్ సిమెంట్ పూత సుమారు 3 మిల్లీమీటర్లు, దాని మధ్యలో ఫైబర్ గ్లాస్ మెష్. సిమెంటు క్షారాన్ని తట్టుకునే రకమో కాదో అడిగి కొనండి. మెష్ అంచులు ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి, కిటికీ మూలలకు ఐమూలగా అదనపు ముక్క పడాలి. ఈ పని తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే చికెన్ మెష్ కట్టి మామూలు ఇసుక సిమెంటు పూత కూడా వేయొచ్చు. కానీ అది బరువు, ఆ బరువంతా యాంకర్ల మీదే పడుతుంది, వాటి సంఖ్య పెంచాలి. వారం పాటు నీళ్లు కొట్టాలి. చివరికి తెల్ల రంగు వేయించండి.

షీట్లను ఎండలో వారాల తరబడి అలా వదిలేయకండి. ఎండ తగిలితే ముఖం పసుపెక్కి పొడి రాలుతుంది, ఆ పొడి మీద పూత నిలవదు. ఆలస్యమయ్యేట్టుంటే షేడ్ నెట్ కప్పండి.

గోడ మందం పెరిగింది కాబట్టి కిటికీ అడుగు దిమ్మెను కూడా ముందుకు పెంచాలి. బయటికి వాలు, అడుగున చిన్న గాడి ఉంటే నీళ్లు గోడమీదికి పారకుండా చుక్కలుగా కింద పడతాయి. షీటు పై అంచు పిట్టగోడ దగ్గర తెరిచి ఉండకూడదు. పై నుంచి నీరు దిగితే ఆ షీట్ల వెనక ఎప్పటికీ ఆరదు.

మంట సంగతి మరిచిపోవద్దు. థర్మాకోల్, ఎక్స్‌పీఎస్ రెండూ కాలతాయి, దట్టమైన నల్ల పొగ వస్తుంది. ఎక్కడా పూత లేకుండా వదలకండి. కరెంటు మీటరు వెనక, వంటగది పొగ బయటికి వచ్చేచోట, గ్యాసు సిలిండరు పెట్టే పక్కన రాతిని కరిగించి తీసిన నారతో చేసే రాక్‌ఊల్ పలకలు వాడించండి, వాటికి నిప్పంటుకోదు.

షీట్లంటే భయమున్నవాళ్లు, స్థలమున్నవాళ్లు బయట ఇంచు, రెండంగుళాల ఖాళీ వదిలి 4 అంగుళాల ఏఏసీ దిమ్మెలతో ఇంకో గోడ కట్టించుకోవచ్చు. దానికి సొంత పునాది ఉండాలి. గోడ చుట్టూ పోసిన గచ్చు మీద నిలబెట్టకండి, కుంగుతుంది. పాత గోడకూ కొత్త గోడకూ ఇనుప కట్లు వేయించండి.

6. బయట వీలుకాకపోతేనే లోపల

పక్కింటి గోడకు రెండడుగుల సందు కూడా లేని పాత వీధుల్లో, అపార్ట్‌మెంట్లలో బయట పని కుదరదు. అప్పుడు లోపలి వైపు ఇనుప చట్రం కట్టి, రెండంగుళాల రాక్‌ఊల్ నింపి, జిప్సమ్ బోర్డుతో మూసేయడం ఒక మార్గం. గదిలో మూడంగుళాలు తగ్గుతుంది. బరువైన అల్మరాలు గోడకు తగిలించలేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చలిదేశాల వీడియోల్లో ఇన్సులేషన్‌కు గది వైపు ప్లాస్టిక్ షీటు పరుస్తారు. అక్కడ గది వెచ్చన, బయట చలి. తేమ గదిలోంచి బయటికి పోతూ దారిలో నీరవుతుంది కాబట్టి లోపలి వైపు ఆపాలి. అమెరికాలోని చలి ప్రాంతాల్లోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్లు వాళ్లింట్లో అలా చేయించామని చెబితే అది వాళ్లకు సరైనదే. మన దగ్గర ఏసీ గది చల్లన, బయట వేడి, తేమ. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. గది వైపు ప్లాస్టిక్ షీటు, వినైల్ వాల్‌పేపర్ వేస్తే నీరు దాని వెనకే చేరి బూజు పడుతుంది. లోపలి వైపు మామూలు రంగుతో వదిలేయండి.

మట్టి, రాతి గోడల గురించి

పల్నాడులో మట్టి అడుసుతో కట్టిన రాతి గోడల ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండడుగుల మందం. అవి వేడిని దాచుకునే గోడలు, నీటిని తాగి ఆరే గోడలు. వాటికి సిమెంటు పూత వేయించి, మీద ప్లాస్టిక్ రంగు వేయించడం వాటిని లోపల్నుంచి కుళ్లబెట్టడమే. నీరు లోపలే ఉండిపోయి మట్టి మెత్తబడుతుంది, ఉప్పు పూత వెనక చేరి పెచ్చులుగా తోస్తుంది. పాత సిమెంటు పూత ఉంటే జాగ్రత్తగా చెక్కించి సున్నపు పూత వేయించండి. సున్నపు పని చేతిలో ఉన్న మేస్త్రీలు తగ్గిపోయారు, పాత గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లను అడిగితే ఆచూకీ దొరకొచ్చు. ఈ గోడలకు షీట్లు వద్దు. సున్నం, పడమట నీడ, రాత్రి తెరిచిన కిటికీలు చాలు.

రాత్రి కిటికీల మాట అన్ని గోడలకూ వర్తిస్తుంది. బయట గాలి గది కంటే చల్లబడగానే, మామూలుగా తొమ్మిది దాటాక, ఎదురెదురు కిటికీలు తెరవండి. ఉదయం ఎనిమిదికల్లా మూసి తడికెలు దించండి. రాత్రంతా చల్లబడిన ఇటుక మధ్యాహ్నం దాకా మీకు సాయం చేస్తుంది. బయట ఇన్సులేషన్ వేసిన గోడలో ఈ చల్లదనం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. ఇటుక లోపలి వైపున ఉండి, ఎండకు దూరమవుతుంది కాబట్టి.

పని అయిన తర్వాతి ఏప్రిల్‌లో ఆ పాత పుస్తకం తీయండి. అదే గోడ, అదే గంటలు, మూడు రాత్రులు మళ్లీ రాయండి. తేడా లేకపోతే ముందు స్లాబును, తర్వాత పడమటి కిటికీని, ఆ తర్వాత షీట్ల అంచులను అనుమానించండి. జూన్ వానలకు ముందు గోడంతా ఒకసారి తట్టి, కిటికీ మూలల్లో వెంట్రుకవాసి పగులు కనిపించినా పూడ్చేయండి.